తారులో టైరు పొడి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా ఇంటి ముందు బీటీ రోడ్డు వేసి రెండేళ్లు కాలేదు సార్, అప్పుడే నెర్రెలు వారినట్టు పగుళ్లొచ్చినయ్. మా బావమరిది అమెరికాలో ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాడు, అక్కడ పాత టైర్ల పొడి తారులో కలిపి రోడ్లేస్తారు, తొందరగా పగలవు, బండి సౌండ్ కూడా తక్కువ అంటున్నాడు. నిజమేనా? మన దగ్గర అట్లాంటిది లేదా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: నిజమేనండి, పైగా మీ బావమరిది ఉంటున్నది ఆ పని మొదలైన ఊరి పక్కనే. 1960ల్లో ఫీనిక్స్ సిటీలో మెటీరియల్స్ ఇంజనీరుగా చేసిన చార్లెస్ మెక్‌డొనాల్డ్ అనే ఆయన, పగిలిన రోడ్డు మీద వేసే ప్యాచ్ మళ్లీ పగలకుండా ఏదన్నా దొరుకుతుందా అని చూస్తూ, పాత టైర్ల పొడిని మరిగే తారులో వేసి ముప్పావుగంట నుంచి గంట దాకా కలుపుతూ ఉంచాడు. ఆ గంటలోనే ఉంది మొత్తం సంగతి. అందరూ రబ్బరు కరిగిపోతుందనుకుంటారు గానీ కరగదు, తారులో ఉండే పల్చటి నూనెల్ని పీల్చుకుని సగ్గుబియ్యం నానినట్టు ఉబ్బుతుంది, దాంతో తారు చిక్కబడుతుంది, సాగదీస్తే సాగుతుంది, వదిలేస్తే మళ్లీ వెనక్కొస్తుంది.

మామూలు తారు అలా వెనక్కి రాదు. కొత్తగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది కానీ ఎండకీ గాలికీ ఏడాదికేడాది గట్టిపడి పెళుసైపోతుంది, లారీ వెళ్లిన ప్రతిసారీ రోడ్డు కంటికి కనపడనంత కిందికి వంగి మళ్లీ లేస్తుంది, రాత్రి చల్లబడితే ముడుచుకుంటుంది, ఇలా రోజూ వంగీ ముడుచుకునీ చివరికి ఒకచోట సన్నటి గీత పడుతుంది, దాంట్లోకి వాన నీళ్లు దిగితే ఇక చెప్పక్కర్లేదు. రబ్బరు కలిపిన తారు చిక్కగా ఉంటుంది కాబట్టి కంకర చుట్టూ మందంగా అంటుకుంటుంది, కారిపోదు, మందంగా ఉన్నది కాబట్టి తొందరగా పెళుసవదు. టైరులో ముందే కలిపి ఉన్న కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి పొడి, ఎండకి పాడవకుండా వేసిన మందులు కూడా తారుకి పనికొస్తాయి.

ల్యాబ్‌లో ఒక పరీక్ష చేస్తాం, ఇది చూస్తే ఎవరికైనా వెంటనే అర్థమైపోతుంది. చిన్న అచ్చులో పోసిన తారు ముక్కని 15 డిగ్రీల చల్లటి నీళ్లలో పెట్టి మిషన్‌తో మెల్లగా 10 సెంటీమీటర్లు సాగదీసి, ఆ సాగిన దారాన్ని మధ్యలో కత్తెరతో కట్ చేసి గంటసేపు వదిలేస్తాం. మామూలు తారు అయితే ఆ రెండు కొసలూ దాదాపు ఉన్నచోటే వేలాడుతుంటాయి. రబ్బరుది అయితే కొసలు రెండూ నెమ్మదిగా వెనక్కి లాక్కుంటాయి, గంట తర్వాత చూస్తే మధ్యలో బాగా ఖాళీ వచ్చేసి ఉంటుంది. నేను మొదటిసారి చూసినరోజు టీకి కూడా బయటికి పోకుండా ఆ గంటా అక్కడే నిలబడ్డాను.

పగుళ్లు తగ్గడం గురించి గట్టి ఉదాహరణ కావాలంటే ఫీనిక్స్ ఉన్న అరిజోనా రాష్ట్రంలోనే ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గర ఐ-40 హైవే. అక్కడ మంచు పడుతుంది, చలి ఎక్కువ, కింద పాత కాంక్రీటు రోడ్డు పగిలిపోయి ఉంది. 1990లో దాని మీద రబ్బరు తారు పొర వేస్తే తొమ్మిదేళ్ల తర్వాత కూడా పగుళ్లు చాలా తక్కువే కనిపించాయి. కింది పగులు పైకి రావడం రోడ్డు పనుల్లో పెద్ద తలనొప్పి, మామూలు పొర వేస్తే ఎక్కువకాలం ఆగదు, సరిగ్గా అదే గీత పైన కూడా తేలుతుంది.

సౌండ్ సంగతి కూడా కరెక్టే, 2003 నుంచి ఫీనిక్స్ ఫ్రీవేల కాంక్రీటు మీద పల్చటి రబ్బరు తారు పొర వేశారు, చప్పుడు బాగా తగ్గింది. కాకపోతే ఆ పొర కూడా ఏళ్లు గడిచేసరికి పొరలుగా ఊడటం మొదలైంది, కొన్నిచోట్ల దాన్ని తీసేసి కింది కాంక్రీటునే గీకి నునుపు చేస్తున్నారు. ఏ రోడ్డూ శాశ్వతం కాదు కదండీ.

మన దగ్గర కూడా ఉంది, సీఆర్‌ఎంబీ (క్రంబ్ రబ్బర్ మాడిఫైడ్ బిటుమెన్, అంటే టైరు పొడి కలిపిన తారు) అంటారు. 2004లో వచ్చిన ఐఎస్ 15462 అనే భారత ప్రమాణంలో దీనికి 50, 55, 60 అని గ్రేడులు పెట్టారు, 55 అంటే కనీసం 55 డిగ్రీల దాకా మెత్తబడకూడదని. అరిజోనా పద్ధతిలో కనీసం 15 శాతం రబ్బరు ఉంటుంది, మన సీఆర్‌ఎంబీలో సాధారణంగా అంతకంటే తక్కువే, కాబట్టి మీ బావమరిది ఊళ్లో రోడ్డూ ఇదీ అచ్చంగా ఒకటి కాదు. అయినా మామూలు తారు కంటే మెరుగే.

ప్రశ్న: మాది నంద్యాల వైపు, నల్లరేగడి నేల. ఊరికొచ్చే రోడ్డుకి రెండు అంచుల వెంబడీ పొడుగ్గా పగుళ్లు, ఎండాకాలం చెయ్యి పట్టేంత. ఈసారి రబ్బరు తారే వెయ్యాలని ఊరంతా కలిసి అర్జీ పెడదామనుకుంటున్నాం. మీరేమంటారు?
– ఒక వార్డు మెంబరు

జవాబు: అన్నా, దయచేసి ఆ ఒక్క మాట మీదే అర్జీ పెట్టకండి. మీరు చెప్పిన పగులు తారుది కాదు, నేలది. రేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, అంచుల దగ్గర తేమ ముందు ఆరిపోతుంది కాబట్టి నేల అక్కడే చీలి రోడ్డుని కూడా చీలుస్తుంది. చెయ్యి పట్టేంత పగులుని ఏ రబ్బరూ పట్టుకోలేదు, రబ్బరు పనిచేసేది సన్నటి కదలికల మీదే. డబ్బు మొత్తం పైపొరలో పోస్తే రెండు ఎండాకాలాల్లో మళ్లీ అదే చూస్తారు, ఎక్కువ ఖర్చు పెట్టి మరీ.

అర్జీలో ఇవి రాయండి: సైడ్ కాలువలు తవ్వి నీళ్లు బయటికి పోయే దారి చూపించాలి, రోడ్డు పక్క బర్ములు గ్రావెల్‌తో వెడల్పుగా గట్టిగా చెయ్యాలి, కింది రేగడికి సున్నం కలిపి రోల్ చెయ్యాలి లేదా మంచి మట్టి పొర వెయ్యాలి. పొలం నీళ్లు రోడ్డు అంచునే నిలబడుతుంటే ముందు అది ఆపండి, దానికి ఏ అర్జీ అక్కర్లేదు, పక్క రైతుతో కూర్చుని మాట్లాడుకుంటే చాలు. ఇవన్నీ అయ్యాక పైన రబ్బరు తారు అడగండి, అప్పుడు దానికి అర్థం ఉంటుంది.

ప్రశ్న: ప్లాస్టిక్ రోడ్డూ ఇదీ ఒకటేనా?
– డిగ్రీ స్టూడెంట్, ఏలూరు

జవాబు: కాదమ్మా. మదురై త్యాగరాజర్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారి పద్ధతిలో ప్లాస్టిక్ ముక్కల్ని వేడి కంకర మీద చల్లుతారు, అది కరిగి రాయికి పూతలా పట్టుకుంటుంది, ఆ తర్వాతే తారు పోస్తారు. ఆయనకి 2018లో పద్మశ్రీ వచ్చింది. సీఆర్‌ఎంబీలో రబ్బరు ముందే తారులో కలిసిపోయి వస్తుంది.

ప్రశ్న: సార్, సైట్ ఇంజనీరుగా కొత్తగా చేరాను. సీఆర్‌ఎంబీ మిక్స్ టిప్పర్ దిగేసరికే గట్టిపడిపోతోంది, కూలీలు పారతో లాగలేకపోతున్నారు, టైర్ల రోలర్‌కి అంటుకుపోతోంది. తారు బాగోలేదా?
– కరీంనగర్ నుంచి

జవాబు: తారుని తిట్టే ముందు థర్మామీటర్ చూడు తమ్ముడూ. ఈ తారుని 170, 180 డిగ్రీల దగ్గర కలపాలి, మామూలు తారు వేడికి ఇది పనిచెయ్యదు. అలాగని 200 దాటించకు, రబ్బరు చెడిపోయి ఇంత ఖర్చూ వృథా. ప్లాంట్ దూరమైతే టిప్పర్‌కి తప్పనిసరిగా టార్పాలిన్ కప్పించు, పేవర్ (మిక్స్ పరిచే మిషన్) వెనకాలే స్టీల్ రోలర్ ఎక్కించు, టైర్ల రోలర్ పక్కన పెట్టెయ్.

ఇంకోటి, ట్యాంకులో కలిపే ఫ్యాను ఆగకూడదు. ఒకసారి మా సైట్‌లో కరెంటు పోయి రాత్రంతా ఫ్యాను ఆగింది, పొద్దున ఎవ్వరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రబ్బరంతా అడుక్కి చేరింది, పైన ఉత్త తారు. ఆ రోజు వేసిన ముక్క ఏడాదిలోపే పగిలింది, దాని రెండు పక్కలా వేసినది బాగానే ఉంది. అప్పట్నుంచి పొద్దున్నే ట్యాంకు పైనుంచి ఒక డబ్బా, అడుగునుంచి ఒక డబ్బా పట్టించి దేనికది పుల్లతో తిప్పి చూసేవాణ్ణి. రెండూ ఒకేలా చిక్కగా ఉంటేనే ప్లాంట్ స్టార్ట్ చెయ్యమనేవాణ్ణి, నువ్వు కూడా రేపట్నుంచి అలా చెయ్.