కూరైతే తినొచ్చు, పండైతే వద్దా?

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. షుగర్ వచ్చి ఆరేళ్లయింది. అరటిపండు అసలు ముట్టుకోరు. అరటికాయ వేపుడు మాత్రం వారానికి మూడుసార్లు ఉండాల్సిందే. అదేమంటే, "అది కూర, ఇది పండు" అంటారు. మా అత్తగారేమో, కోస్తే నల్లబడుతుంది కాబట్టి అరటికాయలో బోలెడు ఐరన్ ఉంటుందని, రక్తం పడుతుందని మా అమ్మాయికి కూడా అదే పెట్టమంటారు. ఇంతకీ పండు మంచిదా, కాయ మంచిదా? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: అమ్మా, మీ వారిలాంటివాళ్లను ఆసుపత్రి డైట్ కౌంటర్లో కూర్చుని ముప్పై ఏళ్లు చూశాను. పండు పేరెత్తితే తల అడ్డంగా ఊపేస్తారు, వేపుడు పేరెత్తితే వినిపించనట్టు ఊరుకుంటారు. నేను కోనసీమలో పుట్టినదాన్ని. మా పెరట్లో గెల కొట్టిన రోజున అమ్మ నాలుగు కాయలు కూరకు తీసి పక్కన పెట్టేది. మిగతా అత్తాలు గోనెసంచిలో వేసి మగ్గబెట్టేవాళ్లం. సోమవారం కూరలోకి వెళ్లిన కాయ, శుక్రవారం దేవుడి పళ్లెంలోకి వెళ్లిన పండు, రెండూ ఒకే గెలవి. ఈ నాలుగు రోజుల్లో లోపల ఏం జరిగిందన్నదే మీ ప్రశ్నకు సగం జవాబు.

నర్సింగ్ పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు ఒక చిన్న పని చేసి చూపించేదాన్ని. పచ్చి అరటికాయ ముక్క మీద ఒక అయోడిన్ చుక్క వేస్తే క్షణంలో సిరా ఒలికినట్టు నల్లనీలంగా మారిపోతుంది. అదంతా పిండి అన్నమాట. బాగా మగ్గిన పండు ముక్క మీద వేస్తే చుక్క రంగు గోధుమగానే ఉండిపోతుంది. దోరపండు మీద వేస్తే ఇంకా బాగుంటుంది, ఒకచోట నల్లగా, ఇంకోచోట మామూలుగా మచ్చలు మచ్చలుగా వస్తుంది. పచ్చికాయలో ఉండే పిండి పండేకొద్దీ విడిపోయి చక్కెరగా మారుతుంది. అందుకే కాయకు తీపి ఉండదు, పండుకు ఉంటుంది. అంతేగానీ పండేటప్పుడు చక్కెర బయటినుంచి ఎవరూ తెచ్చి పోయలేదు. పిండిపదార్థాల మొత్తం లెక్క కొంచెం అటూ ఇటూగా అంతే.

మనం మామూలుగా కొనే పసుపు పండు తొక్క తీసి 100 గ్రాములు తూస్తే సుమారు 90 కేలరీలు, 23 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. ఆ 23లో 12 గ్రాముల దాకా చక్కెరే. పీచు రెండున్నర గ్రాములు, పొటాషియం 350 మిల్లీగ్రాముల పైచిలుకు. పొటాషియం పండినంత మాత్రాన ఎక్కడికీ పోదు, కాయలోనూ ఉంటుంది. కాయను ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే మాత్రం కొంత పోతుంది. మీ వారికి కిడ్నీ ఇబ్బంది ఏదైనా ఉంటే పండైనా కాయైనా డాక్టరునడిగే తినాలి.

మరి పచ్చికాయలో అంత తొందరగా అరగని పిండి ఉంటుందనీ, షుగరుకు మంచిదనీ ఈమధ్య అందరూ చెబుతున్నారు కదా అంటారేమో. నిజమే, ఉంటుంది. కానీ అది పచ్చిగా ఉన్నప్పటి మాట. మనం అరటికాయను పచ్చిగా కొరుక్కుతినం కదా! ఉడికించాక, వేయించాక ఆ పిండిలో చాలాభాగం మామూలు పిండిలాగే అరిగిపోతుంది.

ఇప్పుడు మీ వంటింటికి వద్దాం. మీ ఉత్తరం వచ్చాక నేనూ ఒక కాయ తూచి చూశాను. తొక్కతో 180 గ్రాములు, చెక్కు తీశాక 115. జిగురు అంటకుండా చేతులకు నూనె రాసుకుని, ముక్కలు కోసి మజ్జిగ కలిపిన నీళ్లలో వేశాను. ఇద్దరికి సరిపడా రెండు కాయల వేపుడుకు నాలుగు టీస్పూన్ల నూనెతో మొదలుపెట్టాను. సగంలోనే మూకుడు అడుగంటి ఇంకో రెండు పోయాల్సి వచ్చింది. అరటికాయకు నూనె ఎంత పోసినా చాలదని మీకు నేను చెప్పాలా! ఒక్క టీస్పూను నూనెకు 45 కేలరీలు. ఆరు స్పూన్లంటే 270. అంటే ఒక్కొక్కరి వాటాకు నూనెలోంచే ఒక అరటిపండుకు మించిన కేలరీలు వచ్చాయి. ఆ పైన వేపుడు నోటికి బాగుందంటే అన్నం ఇంకో గరిటె పడుతుంది. మీ వారు వద్దన్న అరటిపండు కన్నా ఆ గరిటె అన్నమే షుగరును ఎక్కువ పెంచవచ్చు.

అందుకని నా మాట ఇది. అరటికాయను కూరగాయల లెక్కలో వేయకండి, బంగాళదుంపలాగా అన్నం లెక్కలో వేయండి. అరటికాయ కూర ఉన్నపూట అన్నం ఒక గరిటె తగ్గించి, పక్కన ఆకుకూర పప్పో, బీరకాయో ఉండేలా చూడండి. వేపుడు వారానికి ఒక్కసారి చాలు. మిగతాసార్లు కాయ ఉడకబెట్టి, చిదిమి, చింతపండు పులుసూ అల్లం పచ్చిమిర్చీ వేసి ఆవపెట్టండి. దానికి పోపు నూనె రెండు స్పూన్లు చాలు. మొదటి రోజు మీ వారు మూతి ముడుచుకుంటారు, పట్టించుకోకండి.

పండు మీద నిషేధం ఎత్తేయొచ్చు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు తినమంది. ఒక చిన్న అరటిపండుతో ఆ వంద దాదాపు అయిపోతుంది. మీ వారి షుగర్ అదుపులో ఉంటే చిన్న కర్పూర పండు ఒకటి, పెద్దదైతే సగం, దోరగా ఉన్నది, ఉదయం పదకొండింటికి ఇవ్వండి. భోజనం పైన మాత్రం వద్దు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకోమనండి. ఆయన ఒంటికి ఎంత పడుతుందో నాకన్నా ఆ మీటరే బాగా చెబుతుంది.

అత్తయ్యగారి ఐరన్ సంగతి. కోసిన ముక్క గాలి తగిలి నల్లబడుతుంది, అంతే. లోపలున్న కొన్ని పదార్థాలు గాలితో కలిసి రంగు మారడం అది. వంకాయ, ఆపిల్ కూడా అందుకే రంగు మారతాయి. అరటిలో ఇనుము వంద గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఎదిగిన ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. మీ అమ్మాయికి రక్తం తక్కువని పరీక్షలో తేలితే మాత్రలే వేయించాలి, దాంతోపాటు తోటకూర పప్పులో నిమ్మరసం కలిపి పెట్టండి. పెద్దావిడతో ఈ వాదన పెట్టుకోకండి. ఆవిడ చేసిన అరటికాయ కూరలో పోషకాల లోటున్నా రుచికి లోటుండదు.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, కళ్లజోడు పడింది. క్యారెట్ తినడు, బంగినపల్లి మామిడి మాత్రం ఎంతైనా తింటాడు. రెండూ పసుపు రంగే కదా, కంటికి సరిపోతుందా? (ఒక తల్లి, కరీంనగర్)

జవాబు: రంగు చూసి సమానమనుకోవద్దు. విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ మామిడిపండులో కన్నా క్యారెట్‌లో పది రెట్లకు పైనే ఉంటుంది. విటమిన్ సి దగ్గర మామిడిదే పైచేయి, వంద గ్రాములకు 36 మిల్లీగ్రాములు. క్యారెట్‌లో ఆరు కూడా కష్టమే. తురిమి కొంచెం నూనెతో పోపు వేసి పెరుగులో కలపండి, నూనె ఉంటేనే కెరోటిన్ ఒంటికి పడుతుంది. కానీ దీనితో కళ్లజోడు నంబరు తగ్గుతుందని ఆశపడకండి, తగ్గదు.

జ్యూసులు పట్టించడం కూడా వద్దు. ఒకావిడ కొడుకు జోడు తీసేయించాలని రోజూ రెండు పెద్ద గ్లాసుల క్యారెట్ జ్యూస్ తాగించింది. అరచేతులు పసుపు పూసినట్టయ్యేసరికి కామెర్లని ఏడుస్తూ ఆసుపత్రికి తీసుకొచ్చింది. డాక్టరుగారు కనురెప్ప కిందికి లాగి చూస్తే తెల్లగుడ్డు మల్లెపువ్వులా ఉంది, అంటే కామెర్లు కావు, చేతులకు పట్టింది క్యారెట్ రంగే. జ్యూస్ ఆపమని నా దగ్గరికి పంపారు. రెండు నెలల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు చేతులు మామూలు రంగులో ఉన్నాయి, జోడు మాత్రం ముక్కు మీదే ఉంది.