పీత కండలో కాడ్మియం: ఆ 0.9 అంకెను ఎలా చదవాలి?

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా వాకాడు మండలం. ఉప్పుటేరు పక్కన అర ఎకరా చెరువు ఉంది. ఒళ్లు నిండని మండపీతలు కొని, ఐస్ ప్లాంట్ల దగ్గర దొరికే స్క్విడ్ (మెత్తటి సముద్ర జీవి) పేగుల వ్యర్థం వేసి, నెల రోజులు మేపి చెన్నై వ్యాపారికి అమ్ముతాను. ఈసారి ఆయన 'మీ వైపు పీతల్లో మెటల్స్ ఉన్నాయంట, టెస్టు చేయించు' అన్నాడు. చేయించాను. కాళ్ల కండలో కిలోకు కాడ్మియం 0.9, రాగి 48, జింకు 210 మిల్లీగ్రాములు అని వచ్చింది. డిప్పలోని గుజ్జులో కాడ్మియం 6.4 ఉందట. సీసం, పాదరసం కనబడలేదన్నారు. కాడ్మియం హద్దు 0.5 కాబట్టి సరుకు వద్దంటున్నాడు. ఇంట్లో మా అమ్మాయి అయిదో నెల గర్భిణి, వారానికోసారి పీతల పులుసు తింటోంది. ఒకటే టెన్షన్‌గా ఉంది సార్. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన రిపోర్టు ఫొటోను పెద్దది చేసి చూశాను. అడుగున చిన్న అక్షరాల్లో 'ఎండు బరువు లెక్కన' అని ఉంది. తేమ కండలో 80 శాతం, గుజ్జులో 75 శాతం అని పక్కనే వేశారు. మీ గొడవ సగం అక్కడే తీరిపోతుంది.

ల్యాబులో కండను ఆరబెట్టి, పొడి చేసి, ఆమ్లంలో కరిగించి లోహాలు కొలుస్తారు. ఆ పొడి బరువు మీద లెక్క కడితే అంకె పెద్దదిగా కనిపిస్తుంది. కానీ మనం తినేది ఎండు పొడి కాదు. వ్యాపారి చెప్పిన 0.5 హద్దు పచ్చి మాంసానిది. కండలో అయిదింట నాలుగు వంతులు నీరే కాబట్టి మీ 0.9ని అయిదుతో భాగించాలి. వచ్చేది 0.18. అంటే హద్దులో సగం కూడా లేదు. ల్యాబు తప్పేమీ చేయలేదు, అంకె కింద మాట ఎవరూ చదవలేదు, అంతే. రిపోర్టును పచ్చి బరువు లెక్కన మార్చి ఇవ్వమని అడగండి. తేమ శాతం వాళ్ల దగ్గరే ఉంది కాబట్టి మళ్లీ పరీక్ష చేయాల్సిన పని ఉండదు. ఆ కాగితం వ్యాపారికి చూపించండి.

యూరప్ దేశాలు సీసం, కాడ్మియం, పాదరసం మూడింటికీ పీత కండలో కిలోకు 0.5 మిల్లీగ్రాములనే హద్దు పెట్టుకున్నాయి. అదీ కాళ్లలోని తెల్ల కండకే. డిప్పలోని గుజ్జును ఆ లెక్కలోకి తీసుకోరు. గుజ్జు ఎక్కువగా తినేవాళ్లు జాగ్రత్తగా ఉండాలని మాత్రం 2011లో అక్కడ విడిగా సలహా ఇచ్చారు. కొన్ని ల్యాబులు కండ, గుజ్జు కలిపి రుబ్బేస్తాయి. అలా చేస్తే మంచి పీత కూడా చెడ్డ పేరు తెచ్చుకుంటుంది. మీరు రెండూ విడివిడిగా చేయించడం మంచిదయింది.

ఇక రాగి, జింకు. వీటికి భయపడకండి. మన రక్తంలో ఇనుము చేసే పనిని పీత రక్తంలో రాగి చేస్తుంది. గాలి తగిలితే పీత రక్తం నీలంగా మారేది అందుకే. రాగి లేని పీత బతకదు. మీ అంకెను పచ్చి బరువుకు మారిస్తే వంద గ్రాముల కండలో రాగి సుమారు ఒక మిల్లీగ్రాము, జింకు నాలుగు మిల్లీగ్రాములు. మగవాళ్లకు రోజుకు కావాల్సిన జింకులో దాదాపు పావు వంతు అది. పీతకు బలం అని పేరు వచ్చింది ఊరికే కాదు. సున్నం (కాల్షియం) సంగతి వేరు. అది డిప్పలో ఉంటుంది, కండలో తక్కువ. డిప్పలు మరిగించిన రసం తాగితే ఎముకలు గట్టిపడతాయనే నమ్మకం మన చిత్తూరు, తిరుపతి పల్లెల్లో ఎండ్రకాయ రసం తాగేవాళ్లలోనూ వింటాను. జలుబు చేసినప్పుడు ఆ వేడికి, మిరియాలకు హాయిగా ఉంటుంది, కాదనను. సున్నం కోసమైతే గ్లాసు పాలు నయం.

రాగి, జింకు ఎక్కువైతే పీత చాలావరకు తనే సర్దుకుంటుంది. కాడ్మియాన్ని అలా బయటికి నెట్టలేదు. కాలేయం పని చేసే ఆ పసుపు-ఆకుపచ్చ గుజ్జులో దాచుకుంటుంది. అందుకే మీ గుజ్జు అంకె పచ్చి బరువు లెక్కన చూసినా 1.6 ఉంది, కండకు తొమ్మిది రెట్లు. మనిషి ఒంట్లో చేరిన కాడ్మియం మూత్రపిండాల్లో పదేళ్లు, ఇరవై ఏళ్లు కూడా నిలిచిపోతుంది.

మీ అమ్మాయి విషయం లెక్క వేసి చెబుతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల లెక్క ప్రకారం కిలో శరీర బరువుకు నెలకు 25 మైక్రోగ్రాముల కాడ్మియం దాటకూడదు. 55 కిలోల మనిషికి వారానికి సుమారు 320 మైక్రోగ్రాములు అనుకోండి. 150 గ్రాముల కాళ్ల కండతో వచ్చేది 27. రెండు పీతల గుజ్జు, అంటే 60 గ్రాములు కూడా తింటే మరో 96. రెండూ కలిపితే వారం కోటాలో మూడో వంతు దాటింది. రోజూ తినే అన్నం, ఆకుకూరల నుంచి కూడా కొంత వస్తుందని మరచిపోకూడదు. పైగా రక్తహీనత ఉన్న ఆడవాళ్ల ఒంట్లోకి కాడ్మియం మరింత చేరుతుంది. కాబట్టి కండ తిననివ్వండి, గుజ్జు మాన్పించండి. చిన్న పిల్లలకూ ఇదే మాట.

ఉడికిస్తే లోహం పోదు. పీతను అలాగే పూర్తిగా ఉడకేస్తే గుజ్జులోది కొంత రసంలోకి, కండలోకి దిగుతుంది. ముందే డిప్ప తీసి, గుజ్జు, మొప్పలు పారేసి, కడిగి వండాలి. గుజ్జు లేకపోతే పులుసుకు చిక్కదనం రాదని మా ఇంట్లోనూ అంటారు. కొబ్బరి ముద్ద వేసుకోమని చెప్పి తప్పించుకుంటున్నాను.

చెరువులో మార్చాల్సింది ముఖ్యంగా మేత. ఐస్ ప్లాంట్ల దగ్గర చవగ్గా దొరికే స్క్విడ్ పేగుల వ్యర్థం వేస్తున్నట్టు రాశారు. వెంటనే ఆపండి. స్క్విడ్ పొట్ట భాగంలో కాడ్మియం బాగా పేరుకుని ఉంటుంది. చిన్న చేపలు వేసుకోండి. నాచు చావడానికి మైలుతుత్తం చల్లే అలవాటుంటే అదీ మానండి. చెరువు ఎండగట్టి నల్ల బురదను దున్నితే అందులో బిగుసుకుని ఉన్న లోహాలు వదులవుతాయి. దున్నే బదులు పై పొర ఎత్తి బయట పోయించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా స్వర్ణముఖి వరద వచ్చి నీటిలో ఉప్పు శాతం తగ్గిపోయినప్పుడు పీత కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆ రోజుల్లో ఏటి నీళ్లు తోడే ముందు ఉప్పు శాతం చూసుకోండి.

ఒక సందేహం మిగిలింది. నెల రోజుల్లో వదిలించుకునే లోహం కాదిది. మీ పీతల్లో ఉన్నది మీ చెరువులో ఎక్కిందా, కొన్నప్పుడే ఉందా? తెలియాలంటే వచ్చే బ్యాచ్‌లో పీతలు దింపే రోజు ఒకే సైజువి పది, పట్టే రోజు మరో పది తీసి పంపండి. తుప్పు కత్తి తగలకుండా, శుభ్రమైన ప్లాస్టిక్ సంచుల్లో, ఐసులో పెట్టి, పచ్చి బరువు మీద రిపోర్టు కావాలని చీటీ మీదే రాయండి. రెండు అంకెలూ ఒకటే అయితే పీతలు కొనే చోటు మార్చాలి. రెండోది పెరిగితే మేతను, నీళ్లను మళ్లీ చూద్దాం, ఆ కాగితాలు నాకు పంపండి.