బళ్లో కంప్యూటర్, ఏఐ పాఠాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఎంసీఏ పూర్తయింది. స్కూళ్లలో కంప్యూటర్ సైన్స్, ఏఐ చెప్పాలని ఉంది. ఎలా సిద్ధపడాలి?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందు సిలబస్ దగ్గర పెట్టుకోండమ్మా. సీబీఎస్‌ఈలో 9, 10 తరగతుల ఏఐ సబ్జెక్టు కోడ్ 417, ఆ పై రెండు తరగతులకు 843. రెండింటిలోనూ రాతకు 50, ప్రాక్టికల్స్‌కు 50 మార్కులు. 11, 12లో కంప్యూటర్ సైన్స్ వేరే సబ్జెక్టు, కోడ్ 083. దానికి పైథాన్ ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ గట్టిగా రావాలి. కాలేజీలో జావా మీదే చేయి తిరిగి ఉంటే, పైథాన్‌లో ఫైళ్లు, స్టాక్, డేటాబేస్ కనెక్షన్ ప్రోగ్రాములు పుస్తకం చూడకుండా రాసేదాకా సాధన చేయండి.

బి.ఎడ్. చేయాలనుకుంటే, ఉపాధ్యాయ శిక్షణను చూసే జాతీయ మండలి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న కాలేజీయేనా అని చూసుకుని చేరండి. ఒడిశా ప్రభుత్వ పోస్టులకు వెళ్తే ఒడియా భాష గురించిన నిబంధన ముందు చదవండి. ఇంట్లో తెలుగు, బళ్లో ఇంగ్లీషు మీడియం అయినవాళ్లకు అక్కడే చిక్కు వస్తుంది. ఎలాగూ మీ వైపు ఒకే తరగతిలో ఒడియా, తెలుగు, సవర పిల్లలు కలిసి కూర్చుంటారు కాబట్టి, ఒడియాలో పాఠం చెప్పగలగడం మీకు పెద్ద బలం.

ప్రశ్న: మా బడి ల్యాబ్‌లో నెట్ నిలకడగా ఉండదు. ఏఐ ఎలా నేర్పాలి?
– ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం

జవాబు: మాస్టారూ, మొదటి పాఠానికి కంప్యూటరే అక్కర్లేదు. మామిడి, వేప, జామ, రావి ఆకులు కలిపి 20 తెప్పించండి. ఒక్కో ఆకును ఒక్కో అట్ట మీద అంటించి, వెనక పేరు రాయించండి. లేత ఆకులున్నవన్నీ చేర్చి ఆరు అట్టలు మీ దగ్గర దాచుకుని, మిగతా 14 అట్టలు పిల్లలకివ్వండి. ‘అంచు రంపంలా ఉందా?’, ‘కొన తోకలా సాగిందా?’ లాంటి అవును–కాదు ప్రశ్నలతోనే ఆకు పేరు తేలేలా వాళ్లొక ప్రశ్నల చెట్టు గీయాలి, ప్రతి ప్రశ్న దగ్గరా అవునుకో కొమ్మ, కాదుకో కొమ్మ. తర్వాత దాచిన ఆరూ తీయండి. ఎక్కడో ఒక లేత ఆకు దగ్గర ఆ చెట్టు తప్పుతుంది. ఎందుకు తప్పిందో పిల్లలే వెతకాలి: ఇచ్చిన 14లో లేతవి లేవు. ట్రైనింగ్ డేటా (నేర్చుకోవడానికి ఇచ్చిన 14), టెస్టింగ్ డేటా (పరీక్షకు దాచిన ఆరు) అన్న మాటలు అప్పుడు చెప్పండి, అంతకుముందు వద్దు. నిర్వచనంతో మొదలుపెట్టిన పాఠం నోటుపుస్తకంలోనే ఆగిపోతుంది.

నెట్ వచ్చిన రోజు గూగుల్ టీచబుల్ మెషీన్ తెరవండి; ఫొటోలు చూపించి కంప్యూటర్‌కు గుర్తుపట్టడం నేర్పే వెబ్‌సైట్ అది. పేజీ, మోడల్ లోడ్ కావడానికే నెట్ కావాలి. శిక్షణ బ్రౌజర్‌లోనే జరుగుతుంది. వెబ్‌క్యామ్‌తో మామిడికి 50, వేపకు 50 ఫొటోలు తీయించండి. కావాలనే మామిడిని తెల్ల కాగితం మీద, వేపను నల్ల బల్ల మీద పెట్టించండి. ఆపైన వేపాకును తెల్ల కాగితం మీదికి మారిస్తే మామిడి అని చెప్పే అవకాశం ఎక్కువ. యంత్రం పట్టుకున్నది ఆకును కాదు, వెనకున్న రంగును. రెండు రంగుల మీదా రెండు ఆకులూ కలిపి మళ్లీ ఫొటోలు తీయించి తేడా చూపించండి. ఈ ఒక్క ప్రయోగానికి రెండు పీరియడ్లు పోయినా నష్టం లేదు.

ప్రశ్న: ఏడో తరగతి పిల్లలకు చాట్‌జీపీటీ ఇవ్వొచ్చా?
– ఒక ఉపాధ్యాయిని, రాయగడ

జవాబు: ఇవ్వకండి. 13 ఏళ్లలోపు పిల్లలు వాడకూడదు, 18 నిండేదాకా తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఇవి చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థ నిబంధనలే. మీ స్క్రీన్ మీద మీరే వాడి చూపించండి. రాయగడ జిల్లా గురించి ఐదు వాక్యాలు అడిగి, ఒక్కో వాక్యాన్నీ పాఠ్యపుస్తకంతో, అట్లాస్‌తో పిల్లల చేత సరిచూపించండి. పిల్లల పేర్లు, ఫొటోలు, మార్కులు మాత్రం అందులో ఎక్కించవద్దు.