జార్‌లో పెరిగిన లెక్క ఎవరిది?

ప్రశ్న: వాతావరణ బెలూన్‌కు కట్టి పంపడానికి 400 వోల్టుల గైగర్ ట్యూబుతో (రేడియేషన్‌ను లెక్కపెట్టే గొట్టం) చిన్న పరికరం చేశాం. బెల్ జార్‌లో (పంపుతో గాలి తీయగల గాజు గుమ్మటంలో) పెట్టి గాలి తీస్తుంటే, నిమిషానికి 25 ఉన్న లెక్క 10 మిల్లీబార్ల దగ్గర, అంటే మామూలు గాలి ఒత్తిడిలో ఇంచుమించు నూరోవంతు దగ్గర, వందలు దాటింది. పైకి పోయేకొద్దీ కాస్మిక్ కిరణాలు పెరుగుతాయి కదా, పరికరం బాగున్నట్టేనా?
– ఇంజనీరింగ్ విద్యార్థులు, కావలి

జవాబు: బాగాలేదు. మీ జార్ కావలిలోనే ఉంది, దాని నెత్తిన వాతావరణమంతా అలాగే ఉంది. లోపలి గాలి తీసినంత మాత్రాన కిరణాలు పెరగవు. మీ పరికరం లెక్కపెట్టింది బోర్డు మీద పుట్టిన నిప్పురవ్వలను.

మామూలు గాలిలో 1 మిల్లీమీటరు సందు దాటడానికి కరెంటుకు నాలుగు వేల వోల్టుల దాకా కావాలి. 10 మిల్లీబార్లలో, అంటే 31 కిలోమీటర్ల ఎత్తున, సుమారు 350 చాలు. బోర్డుకు తీగలు తగిలించే హెడర్ పిన్నుల సోల్డరు చుక్కల మధ్య ఉండే సందు ఇంచుమించు ఆ 1 మిల్లీమీటరే. ఇంకా గాలి తీస్తే ఆ సందులో రవ్వ ఆగిపోతుంది. అందుకే పంపును ఒక్కసారిగా అడుగుదాకా నడిపి చూసినవాళ్లకు లోపం దొరకదు.

ముందు ట్యూబు ఒక్కటే ఊడదీసి మళ్లీ గాలి తీయండి. అప్పుడూ లెక్క వస్తే ఇక అనుమానం లేదు. గది చీకటి చేస్తే ఊదారంగు మెరుపు ఎక్కడుందో కూడా కనబడవచ్చు.

హైవోల్టేజి వైపు సోల్డరు ముళ్లు లేకుండా గుండ్రంగా ఉండాలి. సోల్డరు చేశాక మిగిలే ఫ్లక్స్ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో రుద్ది కడిగి, 60 డిగ్రీల వేడిలో మూడు నాలుగు గంటలు ఆరనివ్వండి. మన కోస్తా తేమకు ఇది తప్పదు. తర్వాత రెండు భాగాల సిలికోన్ కలిపి, బోర్డు మీద పోసేముందు అదే జార్‌లో బుడగలు లాగేయండి. బాగా పొంగుతుంది, గిన్నెలో పావు వంతే పోయండి. 3 మిల్లీమీటర్ల మందం చాలు. వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, రాగిని తినేస్తుంది. ఒక్క బుడగ మిగిలినా అందులోని గాలి మెల్లగా కారుతూ, గంటల తర్వాత సరిగ్గా ఆ చెడ్డ ఒత్తిడికే చేరుతుంది.

గట్టిపడ్డాక హైవోల్టేజి వేసే ఉంచి, 100 నుంచి 5 మిల్లీబార్లకు నిదానంగా దించండి. 50, 20, 10 దగ్గర పదేసి నిమిషాలు, చివర 5 దగ్గర మూడు గంటలు అలాగే ఉంచండి. లెక్క 25 చుట్టూనే తిరగాలి. ఎగిరాక 15–20 కిలోమీటర్ల మధ్య అది శిఖరానికి చేరి, ఆపైన తగ్గుతుంది. తగ్గకుండా ఎక్కుతూనే ఉంటే మళ్లీ రవ్వలే.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్లో ఇలాంటి బెలూన్ వదిలితే పరికరం తిరిగి దొరుకుతుందా?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: కష్టం. చలికాలంలో పైగాలులు పడమటి నుంచి వీస్తాయి. సెకనుకు 5 మీటర్ల చొప్పున 30 కిలోమీటర్లు ఎక్కడానికి 100 నిమిషాలు పడుతుంది. గాలి సగటున సెకనుకు 15 మీటర్లున్నా 90 కిలోమీటర్లు తూర్పుకు పోతుంది. మీకు సముద్రం అంత దూరం లేదు. ఉదయగిరి నుంచి వదిలినా తీరం దాటే ప్రమాదముంది. ఇంకా పడమటికి పోవాలి, పౌర విమానయాన అధికారుల అనుమతి ముందే తీసుకోవాలి.