ఒకే అరలో క్రైస్తవ నవలలు, రేసు థ్రిల్లర్లు

మీకు క్రైస్తవ నవలలు ఇష్టం, ఇంటర్ చదువుతున్న మీ అబ్బాయికి ఫార్ములా వన్ పిచ్చి. ఇద్దరూ చదివి మాట్లాడుకోగల పుస్తకాలు, వీలైతే ఈ మధ్యవి, చెప్పమన్నారు. ఈ రెండు రకాలూ ఏళ్ల తరబడి కలిపి చదువుతున్నవాణ్ణి కాబట్టి జవాబు రాస్తున్నాను. విశాఖపట్నంలో మా ఇంట్లో ఆదివారం సాయంత్రం ఆరున్నర అంటే చిన్న తగవు. యూరప్‌లో జరిగే రేసులు చాలావరకు మన గడియారంలో ఆ వేళకే మొదలవుతాయి, మా చర్చిలో సాయంత్రపు ఆరాధన కూడా ఆ వేళకే. మా అమ్మ ఎటువైపో చెప్పనక్కరలేదు.

ముందుగా ఒక పాత పుస్తకం. 'బెన్-హర్' 1880లో వచ్చింది. రాసిన లూ వాలస్ అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన జనరల్. రైలులో ఇంగర్‌సాల్ అనే పేరుమోసిన నాస్తికుడితో మాట్లాడుతూ ఉంటే, తన మతం గురించి తనకే ఏమీ తెలియదని ఆయనకు సిగ్గనిపించిందట. ఆ సిగ్గే ఆయనను ఈ నవల మీద కూర్చోబెట్టింది. క్రీస్తు కథను ఆనుకుని సాగే ఈ నవలకు నడుమ అంతియొకయ నగరంలో రథాల పందెం ఉంది. మీ ఇద్దరికీ ఇంతకన్నా సరిగ్గా సరిపోయే పుస్తకం నాకు తట్టడం లేదు.

పదకొండు ఆస్కార్లు తెచ్చుకున్న 1959 నాటి సినిమా చూసినవాళ్లకు ప్రత్యర్థి మెస్సాలా రథచక్రాలకున్న కోరలు గుర్తుంటాయి. అక్కడ దుర్మార్గమంతా అతనిది. నవలలో అలా కాదు. చివరి చుట్టులో కథానాయకుడే కళ్లేలను కాస్త ఎడమకు లాగి, తన ఇరుసుకున్న ఇనుపకొనతో మెస్సాలా చక్రాన్ని పట్టి పిండి చేస్తాడు. జనం చప్పట్లు కొడతారు. ఆ లాఘవం వాళ్ల కంటపడదు. పాఠకుడి కంట మాత్రం పడుతుంది. క్రైస్తవ నవలలో కథానాయకుడు ప్రత్యర్థిని కావాలని పడగొట్టి గెలిచాడు! చదివిన రోజు నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఎందుకంటే అప్పటికే నాకు సుజుకా తెలుసు. 1990 జపాన్ గ్రాండ్ ప్రిలో సుజుకా ట్రాక్ మొదటి మలుపు దగ్గరే ఫార్ములా వన్ డ్రైవర్ ఐర్టన్ సెన్నా తన మెక్‌లారెన్ కారుతో ప్రత్యర్థి అలెన్ ప్రాస్ట్ ఫెరారీని గుద్దాడు. ఇద్దరూ ట్రాక్ బయట పడ్డారు, పాయింట్లలో ముందున్న సెన్నాకు ఆ ఏటి టైటిల్ దక్కింది. మరుసటి ఏడు అది కావాలనే చేశానని అతనే ఒప్పుకున్నాడు. బైబిల్ చదువుతానని, దేవుణ్ణి నమ్ముతానని దాచుకోకుండా చెప్పిన మనిషి. 1994లో ఇటలీలోని ఇమోలా రేసులో పోయాక అతని సమాధి మీద చెక్కించిన మాట బైబిల్‌లోని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలోనిది: దేవుని ప్రేమ నుంచి నన్నేదీ ఎడబాపలేదని. ఆ మలుపూ ఈ వాక్యమూ ఒకే మనిషివి. ఈ రెండింటినీ కలిపి పట్టుకోగల నవల కోసమే నేను వెతుక్కుంటూ ఉంటాను. అలాంటివి తక్కువ.

రెండు రకాలకూ ఉన్న జబ్బు ఒకటే. ముగింపు ముందే తెలిసిపోతుంది. రేసు నవలలో నాయకుడు గెలుస్తాడు, క్రైస్తవ నవలలో నాయకురాలు దేవుణ్ణి నమ్ముతుంది. చాలా క్రైస్తవ నవలలు ప్రార్థన కూటంలో చెప్పే సాక్ష్యంలాగే నడుస్తాయి. తాగుడు, అప్పులు, జబ్బు, ఒక రాత్రి ప్రార్థన, మర్నాటి నుంచి అంతా మేలు. కూటంలో ఆ మనిషి మన ఎదుట నిలబడి చెబుతాడు కాబట్టి మనసు కరుగుతుంది. మూడు వందల పేజీల నవలలో అది చాలదు. రేసు నవలల్లో దీనికి జోడు, ఎక్కడో చివరి వరస నుంచి బయలుదేరి ఆఖరి ల్యాప్‌లో అందరినీ దాటేసే వీరుడు. టైరు అరగని రేసు నవలనూ, సందేహం రాని క్రైస్తవ నవలనూ నేను సగంలోనే మూసేస్తాను.

రేసులో అరిగేది టైర్లే కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుసేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మా అక్క కొడుకును తీసుకుని వెళ్లాను. విద్యుత్ కార్లు కాబట్టి గర్జన లేదు, సన్నని ఈల. గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ చివరి ల్యాపుల్లో వెనక తరుముతున్న నిక్ కాసిడీ కన్నా తక్కువ చార్జితో ఉన్నాడు. ఉన్న కాస్తా పొదుపు చేసుకుంటూ, దారి ఇవ్వకుండా గీత దాటాడు. వేగం కన్నా ఆ పిసినారితనమే నన్ను కుర్చీ అంచున కూర్చోబెట్టింది. మంచి రేసు రచయితకు ఈ లెక్క తెలిసి ఉండాలి.

ఇక పుస్తకాలు. మీ అబ్బాయికి అలిస్టర్ మెక్లీన్ 'ది వే టు డస్టీ డెత్' ఇవ్వండి. 1973 నాటిది, చిన్నది, ఒక్క బిగిన చదివిస్తుంది. ఒక ఘోర ప్రమాదం తరువాత తాగుడుకు బానిసైనట్టు కనిపించే చాంపియన్ జానీ హార్లో కథ. ఈ మధ్యవాటిలో టోబీ విన్సెంట్ 'డ్రివెన్' ఫార్ములా వన్ జట్టు లోపల జరిగే కుట్ర. డ్రైవర్ ఒక మహిళ కావడం నాకు నచ్చింది. మాటలు కొంచెం ఎక్కువే అయినా పిట్ గోడ (జట్టు కూర్చుని రేసు నడిపించే చోటు) దగ్గరి హడావిడి బాగా పట్టాడు.

మీరిద్దరూ కలిసే రెండో చోటు షారిన్ మెక్‌క్రంబ్ 'సెయింట్ డేల్', 2005. అమెరికాలోని నాస్కార్ కారు రేసుల డ్రైవర్ డేల్ ఎర్న్‌హార్ట్ 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో ఆఖరి ల్యాప్‌లో ప్రమాదానికి గురై మరణించాడు. అతని అభిమానులు బస్సులో ఒక్కో రేస్ ట్రాక్‌కూ తీర్థయాత్రలా వెళ్లడమే కథ. థ్రిల్లర్ కాదు. చర్చిలో పెరిగినవాళ్లకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది: ఒక డ్రైవర్‌ను సెయింట్ అనవచ్చా? మా ఇంట్లో దీని మీద రెండు భోజనాలు చల్లారిపోయాయి.

మీ వాటాకు మెరిలిన్ రాబిన్సన్. 'గిలియడ్'కు 2005లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ముసలి పాస్టర్ తన చిన్న కొడుక్కి రాసిపెట్టే ఉత్తరం అది. అదే వరసలో 2020లో వచ్చిన 'జాక్' ఇంకా పదునైనది. నాయకుడు ఒక పాస్టర్ కొడుకు, నమ్మాలని ఉన్నా నమ్మలేని మనిషి. అతను ప్రేమించిన నల్లజాతి అమ్మాయిని పెళ్లాడటం ఆ కాలపు చట్టం ప్రకారం నేరం. ప్రార్థనతో ఏ ముడీ విడిపోదు. ఫ్రాన్సిన్ రివర్స్ 'రిడీమింగ్ లవ్' అందరూ సిఫారసు చేస్తారు. బైబిల్‌లోని హోషేయ గ్రంథాన్ని కాలిఫోర్నియా బంగారపు వేట రోజులకు మార్చిన కథ. వ్యభిచార గృహాల నేపథ్యం ఉంది కాబట్టి ముందు మీరు చదివి, తరువాత అబ్బాయి సంగతి చూడండి.

తెలుగులో ఉన్నాయా అని కూడా అడిగారు. నవలల్లో నాకు చెప్పుకోదగ్గవి దొరకలేదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు మా ఊళ్లో దిగారు. డి గ్రాంజెస్, ఆనందరాయర్ మొదలైనవారు ఇక్కడ చేసిన తర్జుమా నుంచి మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని సేరంపూర్‌లో అచ్చయ్యాయి. అంత ముందుగా మొదలుపెట్టినా, మన క్రైస్తవుల గుండె నవలలోకి కాకుండా కీర్తనల్లోకి, పద్యంలోకి వెళ్లిపోయింది. జాషువా 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, అది కావ్యం. రేసు నవల సంగతి అడగనే వద్దు. మా బీచ్ రోడ్డులో రాత్రివేళ సైలెన్సర్లు పీకేసిన బైకుల మీద ఎవరైనా రాస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.

మీ వాడితో మాట కలపడానికి ఇంకొకటి. బ్రెజిల్ డ్రైవర్ అలెక్స్ రిబేరో తన కారు మీద 'క్రీస్తు రక్షిస్తాడు' అని రాయించుకుని పోటీ చేసేవాడు. తరువాత ఫార్ములా వన్‌లో మెడికల్ కారు నడిపాడు. 2002లో సొంత దేశపు రేసు రోజునే, వార్మప్‌లో అతను కారు తలుపు తెరవగానే రేసు డ్రైవర్ నిక్ హైడ్‌ఫెల్డ్ వచ్చి దాన్ని ఎగరగొట్టుకుపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

'బెన్-హర్' ఇంగ్లీషు మూలం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం. మెక్లీన్ పాత పుస్తకాల దుకాణాల్లో తేలికగానే దొరుకుతాడు. 'బెన్-హర్'లో ఎనిమిది భాగాలు, పందెం ఐదో దానిలో వస్తుంది. అది అయ్యాక మీ వాడు పుస్తకం పక్కన పెడితే పట్టుపట్టకండి. మిగతా మూడూ మీరు చదువుకోండి. ఆ ఇరుసు సంగతి మాత్రం అడగండి: రేసులో తప్పులకు శిక్ష వేసే స్టీవార్డుగా నువ్వు ఉంటే ఏ శిక్ష వేసేవాడివని.