తుంటి నొప్పికి మెదడు కరిగిపోతుందా? ఆపరేషన్ చేయిస్తే మళ్లీ మామూలవుతుందా?

మీ నాయనకు ఐదేళ్లుగా తుంటి నొప్పి, ఈ మధ్య మతిమరుపు కూడా మొదలైందన్నారు. నొప్పికి మెదడు కరిగిపోతుందని ఎవరో చెబితే టెన్షన్ పడుతున్నారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మాది అనంతపురం. మాయమ్మ పదిహేనేళ్లు డ్వాక్రా సంఘం లెక్కలు రాసింది. ఎవరి కంతు ఎంత, వడ్డీ ఎంత, పుస్తకం తెరవకుండానే చెప్పేది. కుడి తుంటి అరిగాక నాలుగేళ్లు రాత్రిళ్లు సరిగా నిద్ర లేదు. ఒకే కంతు రెండుసార్లు రాసేది. ఎసరు పెట్టి మరిచిపోయేది. ఒక డాక్టరు "వయసు" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అరవై రెండుకే ఏం వయసు?

అప్పుడే నేను చదవడం మొదలుపెట్టాను. 2009లో జర్మనీ పరిశోధకులు తుంటి అరిగిన 32 మందికి మెదడు ఎమ్మారై తీస్తే, నొప్పిని పట్టించుకునే కొన్ని చోట్ల గ్రే మ్యాటర్ (మెదడు కణాలుండే బూడిద రంగు భాగం) తక్కువగా కనిపించింది. కీలు మార్చాక నొప్పి పోయిన 10 మందిని మళ్లీ చూస్తే అందులో చాలా చోట్ల పెరిగింది. అంటే ఆ తగ్గుదల నొప్పి వల్ల వచ్చిందే. 2010లో ఇంగ్లండ్‌లో కూడా తుంటి నొప్పి ఉన్నవాళ్ల థాలమస్ (మెదడు మధ్యలో నొప్పి కబుర్లు అందుకునే భాగం) చిన్నదైనట్టు, ఆపరేషనయిన తొమ్మిది నెలలకు తిరిగి పెరిగినట్టు చూశారు. పరిమాణం తగ్గిందంటే కణాలు చచ్చిపోయాయని కాదు. చచ్చిన కణాలైతే అలా తిరిగి రావు కదా.

అయితే ఇవి చిన్న పరిశోధనలు. పైగా నొప్పి పోయినవాళ్ల సంగతి. కీలు మార్చుకున్నవాళ్లందరికీ నొప్పి పోదు, కొందరికి మిగిలిపోతుంది, అదీ గుర్తుంచుకోండి.

అమ్మకు కూడా తుంటి కీలు మార్పించాం. ఆపరేషనయిన మొదటి నెల ఇంకా అయోమయంగా ఉండేది. మేం భయపడ్డాం. నాలుగో నెలలో వాకర్ వదిలేసింది. ఒకరోజు సంఘం పుస్తకం అడిగి తెప్పించుకుని, "ఒరేయ్, మూడొందలు తక్కువేశారు చూడు" అంది. గ్రే మ్యాటర్ పెరిగిందో, నాలుగేళ్ల తర్వాత కంటినిండా నిద్రపోయిందో, నేను చెప్పలేను. రెండోదే ఎక్కువని నా అనుమానం.

మీ నాయనకు ఇప్పుడు మెదడు స్కాన్ తీయించి ఈ తేడా వెతకొద్దు. అది పదుల మందిని పోల్చితే తేలేది, ఒక్కరి రిపోర్టులో దొరకదు. ముందు ఆయన వాడే నొప్పి మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. ట్రమడాల్, ప్రీగాబలిన్ లాంటివి మనిషిని మబ్బుగా ఉంచుతాయి. థైరాయిడ్, బి12 పరీక్షలు కూడా అడగండి. మాయమ్మకు బి12 తక్కువని తేలింది ఆపరేషన్ ముందు పరీక్షల్లోనే.