గడ్డ సంగతి తర్వాత.. ముందు ఆ జ్వరం చూడండి

ప్రశ్న: మా అమ్మకు 56 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్‌కు ముందు కీమో ఇస్తున్నారు. రెండు సైకిల్స్ అయినా గడ్డ తగ్గినట్టు లేదు. మందు పనిచేస్తోందో లేదో ఎంజైమ్‌ను బట్టి ముందే చెప్పే హైపర్‌పోలరైజ్డ్ ఎంఆర్‌ఐ ఉందని చదివాను. విజయవాడలో ఎక్కడ చేస్తారు? అది అయ్యేవరకు మూడో కీమో ఆపొచ్చా? రెండో కీమో అయిన తొమ్మిదో రోజు నుంచి సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది, మాత్ర వేస్తే తగ్గుతోంది.
- ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు చివర్లో రాసిన మాటే నన్ను కంగారు పెట్టింది. కీమో అయ్యాక సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా ఎమర్జెన్సీ కిందే లెక్క. పారాసిటమాల్ వేస్తే ఒళ్లు చల్లబడుతుంది గానీ ఇన్ఫెక్షన్ పోదు. మొన్న ఓపీలో ఒకావిడ పర్సులోంచి సగం ఖాళీ అయిన మాత్రల షీటు తీసి, ‘పూటకొకటి వేసుకుంటున్నా సార్, తగ్గుతోంది కదా’ అన్నారు. బీపీ చూస్తే అప్పటికే పడిపోయి ఉంది. థర్మామీటర్ పెట్టకుండా, ఫోన్ చేయకుండా ఇంట్లో మాత్రలు వేయడం కీమో రోగుల విషయంలో పెద్ద పొరపాటు బాబూ. ఇది చదివిన వెంటనే అమ్మగారిని ఆస్పత్రికి తీసుకెళ్లండి. సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయిస్తారు, అవసరమైతే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మొదలుపెడతారు. ఇప్పుడు జ్వరం లేకపోయినా వెళ్లండి.

ఇక ఆ స్కాన్. మీరు చదివింది నిజమే. చాలా క్యాన్సర్ కణాలు పైరువేట్‌ను (ఒంట్లో చక్కెర విరిగితే వచ్చే పదార్థం) ఎక్కువగా లాక్టేట్ అనే మరో పదార్థంగా మారుస్తాయి. ఆ పని చేసేది లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్. కార్బన్-13 (కాస్త బరువైన రకం కార్బన్) ఉన్న పైరువేట్‌ను సున్నాకు 270 సెల్సియస్ డిగ్రీలకు పైగా దిగువన చల్లబరిచి, అయస్కాంతంలో మైక్రోవేవ్‌లు పంపి, కరిగించి, వెంటనే నరంలోకి ఎక్కిస్తారు. దాంతో ఎంఆర్‌ఐలో దాని సిగ్నల్ 10 వేల రెట్లకు పైగా పెరుగుతుంది, కానీ రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది. మందు పనిచేస్తే గడ్డ చిన్నదవకముందే లాక్టేట్ తగ్గడం కనిపించొచ్చు. మనుషుల్లో తొలి ఫలితాలు శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి 2013లో వచ్చాయి, అవి ప్రోస్టేట్ క్యాన్సర్‌వి. ఇది ఇంకా పరిశోధనలోనే ఉంది. మన దగ్గర ఓపీలో రాసిచ్చే పరీక్ష కాదు.

దాని కోసం మీ అంతట మీరు కీమో ఆపకండి. రెండు సైకిల్స్‌కే చేత్తో తడిమి తేల్చలేం. అల్ట్రాసౌండ్‌తో కొలతలు తీసి పాత రిపోర్టుతో పోల్చమని అడగండి. తగ్గకపోతే మందు మార్చే దారులున్నాయి. కౌంట్స్ తక్కువగా ఉంటే మూడో కీమోను డాక్టరే వాయిదా వేస్తారు, అది వేరే సంగతి. నేను అమ్మగారిని చూడలేదు కాబట్టి మీ ఆంకాలజిస్టు మాటే తుది మాట. ఏ రోజు ఎంత జ్వరం, ఎన్ని మాత్రలు వేశారో కాగితం మీద రాసి ఆయనకు ఇవ్వండి.